తొమ్మిది రోజుల వేడి

విత్తన నిల్వ కేంద్రంలో ఆమెను అందరూ గింజలక్క అనే పిలిచేవారు. అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఎక్కడా వినిపించేది కాదు. ఇరవై ఆరేళ్ళుగా ఆమె పని ఒక్కటే: దాచిన గింజల్లో ప్రాణం ఉందో లేదో చూడటం. గాజు పళ్ళెంలో తడి కాగితం పరిచి, దాని మీద పట్టకారుతో వరసకు పది చొప్పున గింజలు పేర్చేది. మూత పెట్టి, ఎప్పుడూ ఒకే వెచ్చదనం ఉండే బీరువాలో ఉంచి, రోజూ పొద్దున్నే తీసి మొలకలు లెక్కపెట్టేది. చూసేవాళ్ళకు విసుగు పుట్టే పని. ఆమెకు మాత్రం ఏనాడూ విసుగనిపించలేదు. ఆవగింజలో సగం లేని గింజను కూడా నలగకుండా ఎత్తగల చెయ్యి ఆమెది. ఆ చెయ్యి పనిలో ఉండగా పక్కన ఎవరైనా తుమ్మబోతే, "ఆ తుమ్మేదేదో వరండాలోకెళ్ళి తుమ్ము నాయనా, ఇక్కడ తుమ్మితే నాలుగు వరసలు ఎగిరిపోతాయి" అనేది.

ఆ కేంద్రంలో రెండు చల్లగదులు ఉండేవి. కొత్తది పెద్దది. అందులో గింజలన్నీ గాలి చొరకుండా అతికించిన వెండిరంగు సంచుల్లో ఉండేవి. పాతది చిన్నది, నడవా చివర. అక్కడ రెండువందల పన్నెండు రకాలు ఇంకా కాగితపు కవర్లలోనే, రేకు డబ్బాల్లో, కొత్త సంచుల్లోకి మారే వంతు కోసం ఎదురుచూస్తూ ఉండేవి. అందులో ఒక కవర్లో నలభై గింజలు. నీలం పూలు పూసే ఒక కొండ మొక్క గింజలవి. ఆ మొక్క ఒకే ఒక్క కొండ మీద పెరిగేది. ఆ కొండను రాతి క్వారీవాళ్ళు పదేళ్ళలో పిండి చేసి లారీల్లో పంపించేశారు. ఇక ఆ మొక్క భూమ్మీద ఎక్కడైనా ఉందంటే ఆ కవర్లోనే.

చల్లగదుల యంత్రాలు చూసే మెకానిక్ గింజలక్క తమ్ముడే. వాళ్ళ అమ్మ పోయేనాటికి ఆమెకు పద్నాలుగేళ్ళు, వాడికి నాలుగు. వాడికి తినిపించిందీ, బడికి పంపిందీ, జ్వరం వస్తే మంచం పక్కన కూర్చున్నదీ ఆమే. పెళ్ళి మాట ఎత్తినవాళ్ళతో "వీణ్ణి కాస్త ఎదగనివ్వండి" అంటూ నెట్టుకొచ్చింది. వాడు ఎదిగేసరికి ఆ మాట ఎత్తేవాళ్ళే లేకుండా పోయారు. ఈ ఉద్యోగం కూడా ఆమె నోటి మాట మీద వచ్చిందే. "మా వాడు పని దొంగ కాదు, నాదీ పూచీ" అని అప్పటి డైరెక్టరు ముందు నిలబడి చెప్పింది. వాడు ఆ మాట పన్నెండేళ్ళు నిలబెట్టాడు కూడా.

ఇక చెప్పుకోవాల్సింది చిన్న డాక్టరమ్మ గురించి. ముప్పై దాటని శాస్త్రవేత్త. గింజల్లో ప్రోటీన్లు ఎలా పాడవుతాయి, గింజ వాటిని ఎలా బాగుచేసుకుంటుంది అన్నది ఆవిడ పని. చేరిన కొత్తలో గేటు కాపలాదారు వచ్చి దగ్గుకు మందడిగితే, ఏమనాలో తోచక తన పరిశోధన గురించి అరగంట చెప్పిందట. ఆ దెబ్బకు అతని దగ్గు కట్టేసిందని గింజలక్క అందరికీ చెప్పి నవ్వించేది. ఆ కథ తన చెవిన పడ్డా డాక్టరమ్మ కోపగించుకోలేదు. "అక్కా, మీక్కూడా ఏమన్నా దగ్గుందా?" అని అడిగి ఊరుకుంది.

ఆ వేసవి ఎండలు మనుషుల్ని బయటికి రానివ్వలేదు. తారు రోడ్డు మీద చెప్పు అతుక్కునేది. పై నుంచి ఉత్తర్వు వచ్చి, ఒక శనివారం నుంచి మరుసటి ఆదివారం దాకా తొమ్మిది రోజులు కేంద్రం మూసేశారు. గేటు దగ్గర కాపలా ఉంటుంది. మెకానిక్ పూటకోసారి వచ్చి, చల్లగదుల్లో వేడి ఎంతుందో చూసి పుస్తకంలో రాసి వెళ్ళాలి. ఆ ఇద్దరికీ తప్ప మిగతా అందరికీ సెలవు.

సెలవులకు ముందురోజే మెకానిక్ భార్యకు గర్భసంచి ఆపరేషన్ అయింది. గంటలో అయిపోతుందన్నది నాలుగు గంటలు పట్టింది. మర్నాటికి రక్తం పోవడం ఆగలేదన్నారు. గింజలక్క ఆ వారమంతా ఇంటికీ ఆస్పత్రికీ తిరుగుతూనే ఉంది. మరదలి తల దువ్వింది, బట్టలు మార్చింది, తమ్ముడి చేత బలవంతాన నాలుగు ముద్దలు తినిపించింది. ఎనిమిదో రోజుకు గాని గండం గడిచిందని డాక్టర్లు చెప్పలేదు.

సోమవారం కేంద్రం తెరిచేసరికి నోటీసు బోర్డు మీద కాగితం ఉంది. పాత చల్లగది యంత్రం మొన్న శనివారం ఆగిందనీ, ఆదివారం సాయంత్రానికి బాగుచేశారనీ, రెండు రోజులు గది వేడెక్కిందనీ అందులో సారాంశం. డైరెక్టరుగారు దాన్ని చదివి "రెండు రోజులేగా. ఫైల్లో పెట్టండి" అన్నారు. ఆయన దేనికైనా ఆ మాటే అంటారు కాబట్టి వెనక అందరూ ఆయన్ని ఫైలుగారు అనేవారు.

ఆ సాయంత్రం తమ్ముడు అక్క ఇంటికొచ్చాడు. వంటగది గడప మీద కూర్చున్నాడు. చిన్నప్పటినుంచీ వాడు అక్కడే కూర్చుంటాడు. ఆమె టీ గ్లాసు చేతికిచ్చింది.

"దాని కుట్లు ఎలా ఉన్నాయి?"

"మానుతున్నాయి. ఇవాళ లేచి నాలుగడుగులు వేసింది." వాడు గ్లాసు నోటిదాకా తీసుకెళ్ళి కింద పెట్టేశాడు. "అక్కా, రెండు రోజులు కాదు."

"ఏది?"

"చల్లగది ఆగింది. రెండు కాదు, తొమ్మిది రోజులు."

ఆమె స్టవ్ కట్టేసింది. వాడు తల ఎత్తకుండా చెప్పుకుపోయాడు. పాత గది అలారం ఊరికే మోగుతోందని నెల కిందటే దాని వైరు పీకేశాడు. కొత్తది తెప్పించి పెడదామనుకుంటూ మర్చిపోయాడు. మొదటి శనివారం పొద్దున ఒకసారి వచ్చి చూసి వెళ్దామనుకున్నాడు, అప్పుడే రక్తం ఎక్కించాలన్నారు. ఆ తర్వాత ఇక కదల్లేకపోయాడు. నిన్న వచ్చి తలుపు తీస్తే ముఖాన ఆవిరి కొట్టింది. యంత్రం గొట్టాల మీది మంచు కరిగి నేలంతా నీళ్ళు, డబ్బాలన్నీ చెమట పట్టి ఉన్నాయి. లోపల నలభై ఒక్క డిగ్రీలు. యంత్రం నడిచిన గంటల మీటరు చూస్తే మొదటి రోజే ఆగినట్టు తేలింది.

"మరి పుస్తకంలో?"

"నిన్న కూర్చుని రాసేశాను. మొదటి ఏడు రోజులకీ ఐదు డిగ్రీలని."

"ఎవరికైనా చెప్పి ఉండాల్సిందిరా. కనీసం నాకు చెప్పి ఉండాల్సింది. నేను వెళ్ళి చూసేదాన్ని కదా."

"నువ్వు రోజూ నా పక్కనే ఉన్నావు కదక్కా. చల్లగది సంగతేంట్రా అని నువ్వూ అడగలేదు."

నిజమే, ఆ తొమ్మిది రోజుల్లో ఒక్కసారి కూడా ఆమెకు గింజలు గుర్తు రాలేదు. ఇరవై ఆరేళ్ళలో అలా ఎన్నడూ జరగలేదు.

"చెప్పేస్తావా?" అన్నాడు వాడు.

"ముందు ఆ టీ తాగు. చల్లారిపోతోంది" అంది.

వాడికి అర్థమైంది. గ్లాసు ఖాళీ చేసి, దాన్ని తనే కడిగి బోర్లించి వెళ్ళాడు.

మర్నాడు చిన్న డాక్టరమ్మ నీలం పువ్వు కవరు పట్టుకుని పరీక్ష గదిలోకి వచ్చింది. కవరు మెత్తబడి ఉంది, రాసిన సిరా కాస్త అలుక్కుంది. ఇన్నాళ్ళూ ఈ గింజల్ని ముట్టుకోవడానికి భయపడి తప్పు చేశామనీ, ఇప్పుడే విత్తి మొక్కలు చేసి వాటి నుంచి కొత్త గింజ తీసి దాచేద్దామనీ ఆవిడ ఆలోచన. మంచి ఆలోచనే.

"రెండు రోజుల వేడికి వీటికి ఏమై ఉంటుందంటారు?" అని అడిగింది గింజలక్క. గొంతు మామూలుగానే పలికింది.

డాక్టరమ్మకు అలాంటి ప్రశ్నలంటే ప్రాణం. స్టూలు లాక్కుని కూర్చుంది. "గింజ ఎండిపోయి నిద్రపోతున్నట్టే ఉంటుంది కదక్కా. కానీ లోపల ప్రోటీన్లకు దెబ్బలు తగులుతూనే ఉంటాయి. వేడి, తేమ కలిస్తే ఇంకా తొందరగా తగులుతాయి. మడత విడిపోతుంది, ఒకదానికొకటి అతుక్కుంటాయి. వీటిని బాగుచేయడానికి గింజ దగ్గర వేరే ప్రోటీన్లు ఉంటాయి. కొన్ని మడత సరిచేస్తాయి, కొన్ని చెడిపోయిన అతుకును సరిచేస్తాయి. ఇక బాగుపడవనుకున్నవాటికి గుర్తు వేసి ముక్కలు చేస్తుంది, ఆ ముక్కలతో కొత్తవి కట్టుకుంటుంది. కాకపోతే ఇదంతా జరగాలంటే తడి కావాలి. పొడి గింజలో ఎవరూ పని చెయ్యలేరు."

"మరి తడి తగలగానే?"

"తగలగానే రెండు పనులూ మొదలవుతాయి. మరమ్మతు ఒకటి, పెరగడం ఒకటి. దెబ్బలు కొన్నే అయితే మరమ్మతు ముందు పూర్తవుతుంది. ఎక్కువైతే మాత్రం, పాడైన సరుకుతోనే పెరగడం మొదలుపెట్టి చచ్చిపోతుంది."

గింజలక్క పట్టకారు తుడుస్తూ ఉండిపోయింది. "నెమ్మదిగా తడిపితే ఏమన్నా నష్టమా?"

"అది బాగా దెబ్బతిన్నవాటికి. నీళ్ళ మీద జల్లెడలో ఉంచి మూడు నాలుగు రోజులు ఉత్త చెమ్మ పట్టిస్తాం. మరమ్మతుకు చాలేంత తడి, పెరగడానికి చాలనంత తడి. అయితే దాంట్లో బూజు భయం ఉంది. రెండు రోజుల దెబ్బకు ఆ భయం ఎందుకు పెట్టుకోవడం? ఎందుకడుగుతున్నారు?"

చెప్పడానికి అంతకంటే మంచి సమయం లేదు. గదిలో ఇద్దరే ఉన్నారు. ఎదురుగా ఉన్నది కోపిష్టి మనిషి కూడా కాదు. గింజలక్క కళ్ళ ముందు గడప మీద కూర్చున్న తమ్ముడు మెదిలాడు, మంచం మీద పాలిపోయి పడుకున్న మరదలు మెదిలింది. నోటిదాకా వచ్చిన మాట వెనక్కు పోయింది.

"ఊరికే" అంది.

"పుస్తకంలో రెండు రోజులనే ఉంది కదా?"

"పుస్తకంలో అంతే ఉంది." ఆ తర్వాత, ఏదో ఒకటి చేయకపోతే ఊపిరాడదన్నట్టు, "నలభై వద్దమ్మా. ముప్పై వేద్దాం. పది ఉంచుదాం" అంది. డాక్టరమ్మ సరేనంది, పాత గదిలోని మిగతా రకాల్ని కూడా రోజుకు కొన్ని చొప్పున తడిపి చూడమంది.

ఆ ముప్పై గింజల్నీ తడి కాగితం మీద పేర్చింది ఆమె చెయ్యే. మూడు వరసలు. చెయ్యి వణకలేదు. ఆ తర్వాత చాలాకాలం ఆమెను అన్నిటికంటే బాధపెట్టింది అదే.

రెండో రోజుకు గింజలు ఉబ్బాయి. చూడటానికి ఆరోగ్యంగా, నిగనిగలాడుతూ ఉన్నాయి. ఆమె మనసు తేలికపడింది. తొమ్మిది రోజులకు కూడా తట్టుకున్నాయేమో, కొండ మీద ఎండకు పుట్టిన జాతి కదా అనుకుంది. నాలుగో రోజున రెండు గింజల పొట్ట చీలి వేరు మొన బయటికొచ్చింది. తెల్లగా లేదు. గాజులా ఉంది, కొస గోధుమరంగు. మరునాటికి ఆ కొస నల్లబడి మెత్తగా అయింది. ఏడో రోజుకు పళ్ళెంలో తీపి కలిసిన కుళ్ళు వాసన మొదలైంది. పట్టకారుతో తాకితే గింజ నిలబడకుండా లోపలి నుంచి పాలలాంటి నీరు కారింది. పన్నెండో రోజున పుస్తకంలో ఆ వరసకు ఎదురుగా సున్నా రాసింది.

ఫైలుగారు విని, కాలం తీరిన గింజలు కదా అన్నారు. డాక్టరమ్మ మాత్రం మెత్తబడని గింజలు ఆరు ఏరి తన గదికి పట్టుకుపోయింది.

మూడు రోజుల తర్వాత గింజలక్కను పిలిచింది. ఆ గది చిన్నది, కిటికీ లేదు. బల్ల మీద వెలుగు పలక, దాని మీద చెయ్యంత జిగురు రేకు. గింజలోంచి తీసిన ప్రోటీన్లు ఆ రేకులో కరెంటుకు లాగబడి నీలి గీతలుగా ఆగుతాయి. ఆరోగ్యమైన గింజవి నిచ్చెన మెట్లలా విడివిడిగా ఉంటాయి. పాడైనవి కదల్లేక పైనే ముద్దలా నిలబడిపోతాయి.

"ఇవి చూడండక్కా. నా చదువు రోజుల్లో చేసిన పరీక్షల తాలూకువి. ఈ జాతికి దగ్గరి చుట్టమైన మొక్క గింజల్ని చెమ్మలో, వేడిలో పెట్టి తీశాం. ఇది రెండు రోజులు. ఇది నాలుగు. ఇది ఆరు. ఇది తొమ్మిది." డాక్టరమ్మ వేలు ఒక్కో వరస మీద ఆగుతూ చివరికి వెళ్ళింది. "మన గింజలు ఈ పక్కవి."

గింజలక్కకు చదువు తక్కువే గాని కళ్ళు తక్కువ కాదు. మన గింజల వరస రెండు రోజుల దానిలా లేదు, నాలుగు రోజుల దానిలా లేదు. చివరి వరస పక్కన పెడితే కవల పిల్లల్లా ఉన్నాయి.

"బాగుచేసే ప్రోటీన్లు కొన్ని మిగిలే ఉన్నాయక్కా, చూడండి, ఇక్కడ. అవి ఉన్నాయి కాని వాటికి టైము దొరకలేదు. ఇది రెండు రోజుల వేడి అంటే నేను నమ్మలేకపోతున్నాను. నా లెక్కలోనే తప్పుందేమో. రాత్రి నిద్ర పట్టలేదు నాకు. మీరు ఇన్నేళ్ళనుంచి చూస్తున్నారు కదా, మీరేమంటారు?"

ఆ అమ్మాయి అడిగింది అనుమానంతో కాదు, నిజంగానే తన తప్పేమోనన్న దిగులుతో. కళ్ళ కింద నల్లగా ఉంది. గింజలక్క తట్టుకోలేకపోయింది.

"మీ లెక్క సరైందేనమ్మా. తొమ్మిది రోజులే."

డాక్టరమ్మ ఆమె వైపు తిరిగింది. గింజలక్క అలారం వైరు దగ్గర మొదలుపెట్టి పుస్తకంలో రాసిన ఐదు డిగ్రీల దాకా దాచకుండా చెప్పింది. అయ్యేదాకా డాక్టరమ్మ అడ్డు రాలేదు.

"మీకు ఎప్పటినుంచి తెలుసు?"

"మొదటి సోమవారం నుంచి."

"అయితే నెమ్మదిగా తడిపితే నష్టమా అని నన్ను అడిగిన రోజున..."

"తెలుసు."

"ఎందుకడుగుతున్నారని నేనూ అడిగాను."

"అడిగారమ్మా."

డాక్టరమ్మ వెలుగు పలక ఆర్పేసింది. "మిగతా రెండువందల పదకొండు రకాల పరీక్షలు ఎన్నయ్యాయి?" అంది.

"అరవై. ఇవాళ ఇంకో పది తడపాలి."

"తడపకండి."

గింజలక్క అక్కడినుంచి నేరుగా యంత్రాల గదికి వెళ్ళింది. తమ్ముడు మోకాళ్ళ మీద కూర్చుని పంపుకు గ్రీజు పెడుతున్నాడు. "చెప్పేశాన్రా" అంది.

వాడు గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు, ఒక్కో వేలూ. "ముందు నాతో ఒక్క మాట అనాల్సింది."

"అంటే ఏం చేసేవాడివి?"

"నేనే వెళ్ళి చెప్పేవాణ్ణి."

అది నిజమో కాదో ఆమెకు తెలియదు. వాడికి ఆ అవకాశం ఇవ్వలేదన్నది మాత్రం నిజం.

విచారణ రెండు వారాలు నడిచింది. ఫైలుగారు ఈసారి ఫైలును నిజంగానే తెరిచారు. మెకానిక్‌ను ఉద్యోగంలోంచి తీసేశారు. భార్య ఆస్పత్రి కాగితాలు చూపించినా, ఆగిన యంత్రానికి క్షమ ఉండేదేమో గాని రాసిన అబద్ధానికి లేదన్నారు. గింజలక్కకు మందలింపు కాగితం ఇచ్చి చీటీలు అంటించే గదికి మార్చారు. పాత గది రకాల్ని ఇక నెమ్మదిగా చెమ్మ పట్టించే పద్ధతిలోనే పరీక్షించాలన్నారు. అలా చేసిన నూట యాభై ఒక్క రకాల్లో ఎనభై పైగా ఎంతో కొంత మొలిచాయి. అంతకుముందు తిన్నగా తడిపిన అరవైలో మొలిచినవి తొమ్మిది. ఆ రెండు అంకెలూ కేంద్రంలో అందరికీ తెలుసు. గింజలక్క ఎదురుపడితే ఎవరూ వాటి గురించి మాట్లాడేవారు కాదు. అసలు ఏ మాటా మాట్లాడేవారు కాదు.

ఒకరోజు చిన్న డాక్టరమ్మ చీటీల గది గుమ్మంలో నిలబడింది. చేతిలో నీలం పువ్వు కవరు.

"ఈ పదీ మీరే చెయ్యాలి. ఫైలుగారిని ఒప్పించాను."

"నా మీద ఇంకా నమ్మకం ఉందామ్మా మీకు?"

"లేదు" అంది ఆవిడ. "కాని మీ చెయ్యంత నెమ్మదైన చెయ్యి ఇక్కడ లేదు."

సీసా అడుగున వేలెడు నీళ్ళు, పైన సన్నని జల్లెడ, జల్లెడ మీద పది గింజలు. చల్లటి మూలలో ఉంచారు. బూజు వస్తుందేమోనని గింజలక్క గంటకోసారి భూతద్దంతో చూసేది. నాలుగు రోజులు గింజలు పైకి ఏ మార్పూ లేకుండా పడి ఉన్నాయి. లోపల పని నడుస్తోందని, ఇప్పుడు తొందరపెట్టకూడదని డాక్టరమ్మ అంది. ఐదో రోజున తడి కాగితం మీదికి మార్చారు.

మూడు మొలిచాయి. వేళ్ళు తెల్లగానే వచ్చాయి. ఒకటి ఆరో రోజున వాడిపోయింది. రెండోది గింజలోంచి వచ్చే పాలాకులు విప్పలేక, మెలి తిరిగి, మట్టిలో పెట్టిన వారానికి పోయింది. మూడోది నిలబడింది. దాని మొదటి ఆకులు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. మూడో ఆకు సరిగ్గా వచ్చింది.

ఆ కబురు పట్టుకుని ఆమె తమ్ముడి దగ్గరికి వెళ్ళింది. వాడు ఊరి చివర ఐసు ఫ్యాక్టరీలో చేరాడు. రబ్బరు బూట్లతో బయటికొచ్చాడు. ఒళ్ళంతా అమోనియా వాసన.

"మీరెందుకొచ్చారు ఇంత దూరం?" అన్నాడు.

ముప్పై ఎనిమిదేళ్ళలో వాడు ఆమెను మీరు అనడం అదే మొదటిసారి. ఆమె ఏదో చెప్పాలని నోరు తెరిచి, అసలు వచ్చిన పని చెప్పింది. "ఒకటి బతికిందిరా. నీలం పువ్వుది. నాలుగాకులు వేసింది."

"ఎన్నింటిలో?"

"నలభై."

వాడు తల ఊపాడు. మరదలు పనులన్నీ చేసుకోగలుగుతోందని, బాగుందని చెప్పాడు. ఇంటికి రమ్మని అనలేదు. లోపల్నుంచి ఎవరో పిలిస్తే వెళ్ళిపోయాడు.

మొక్క అద్దాల గదిలో పెరిగింది. ఏడో నెలలో పూసింది. ఆ నీలాన్ని అంతకుముందు ఫొటోల్లో తప్ప ఎవరూ చూడలేదు. కేంద్రంలో వాళ్ళంతా వరసకట్టి వచ్చి చూశారు, ఫైలుగారు కూడా. గింజలక్క సన్నని కుంచెతో పుప్పొడి తీసి పువ్వు నడిమి కీలాగ్రం మీద రాసింది. ఒక పువ్వుది ఇంకో పువ్వుకు, మళ్ళీ దీన్నుంచి దానికి. పూలు రాలాయి. కాయ కట్టలేదు.

"దీని స్వభావం అంతక్కా" అంది డాక్టరమ్మ. "తన పుప్పొడిని తనే ఒప్పుకోదు. వేరే గింజలోంచి పుట్టిన ఇంకో మొక్క కావాలి."

కొమ్మలు కోసి నాటితే మూడు కుండీలయ్యాయి. కాని అన్నీ ఆ ఒక్క మొక్కే. దేని పుప్పొడి దేనికి రాసినా ఫలితం లేదు. ఇంకో రెండు మొలకలు బతికి ఉంటే సరిపోయేది. ఒక్కటి బతికినా సరిపోయేది. ఆ ముప్పైలో ఎన్ని బతికేవో డాక్టరమ్మ ఎప్పుడూ లెక్క కట్టి చెప్పలేదు. గింజలక్క కట్టుకుంది. పదికి ఒకటి చొప్పున వేసుకున్నా మూడు.

కాయ కట్టిన మొక్క త్వరగా ముసలిదవుతుంది. ఆకుల్లోని ప్రోటీన్లను తనే విడగొట్టుకుని ఆ సరుకంతా గింజలకు పంపి ఎండిపోతుంది. ఈ మొక్కకు పంపడానికి గింజల్లేవు. అందుకని ఆకులు పచ్చగానే ఉండిపోయాయి. ఒక ఏడాదిలో అయిపోవాల్సిన మొక్క మళ్ళీ మొగ్గ తొడిగింది, మళ్ళీ రాల్చింది, మళ్ళీ తొడిగింది. కుంచెతో రాయడం దండగని తెలిసినా గింజలక్క ప్రతి పువ్వుకూ రాసింది.

ఒక ఆదివారం తమ్ముడు వచ్చాడు. కాపలాదారు పాత స్నేహంతో లోపలికి వదిలాడు. చేతులు వెనక్కు కట్టుకుని మొక్కను చాలాసేపు చూశాడు.

"ఇది ఎన్నాళ్ళుంటుంది?"

"తెలీదురా. ఇప్పటికే ఎక్కువుంది."

"గది ఎంత వేడిలో పెడుతున్నారు?"

"ఇరవై రెండు."

వాడు గోడ మీది మీటరు దగ్గరికి వెళ్ళి చూసి వచ్చాడు. "సరిగ్గానే ఉంది" అన్నాడు. ఆమె వైపు తిరిగి, "మీరు తింటున్నారా సరిగా? చిక్కిపోయారు" అన్నాడు. ఆమె తింటున్నానని చెప్పింది. మధ్యాహ్నం షిఫ్టు ఉందని వాడు వెళ్ళిపోయాడు. ఆ తర్వాత మళ్ళీ రాలేదు.

ఒక వేసవి దాటింది, రెండో వేసవి మొదట్లో అడుగు ఆకులు పసుపు తిరిగాయి. ఆ పసుపు పైకి పాకుతూ పోయింది. డాక్టరమ్మ వారానికో ఆకు అడిగి తీసుకుని రేకు మీద పరీక్షించేది. ఆకు తన ప్రోటీన్లను ఇంకా వరసగా విడగొట్టి పైకి పంపుతూనే ఉందని, చివరిదాకా పని ఆపలేదని చెప్పింది. కొమ్మలతో చేసిన కుండీలు అంతకుముందే పోయాయి. నాలుగో వారం పూర్తయ్యేసరికి పంపించడానికి పైన చిగురు లేదు.

ఎండిన కాడకు చీటీ కట్టి కాగితాల మధ్య నొక్కి పెట్టారు. మట్టిని డాక్టరమ్మ సంచిలోకి ఒంపింది. గింజలక్క కుళాయి దగ్గర కూర్చుని కుండీ కడిగింది. మట్టి గట్టిగా పట్టుకుని ఉంది, గోరుతో గీకాల్సి వచ్చింది. లోపల చీటీల గదిలో ఆ రోజు అంటించాల్సినవి మూడువందలు ఉన్నాయి. డాక్టరమ్మ తువ్వాలు అందించింది. ఆమె చేతులు తుడుచుకుని, "పదండమ్మా" అంది.